రేవు వీధికి నీళ్ళొచ్చే వేళ

1996లో విజయవాడ నుంచి ఆ చిన్న ఊరికి బదిలీ అయినప్పుడు నేను చేసిన మొదటి పని ఒక డైరీ కొనడం. రెండో పని, అందులో కుళాయి నీళ్ళు వచ్చిన వేళ రాసుకోవడం. కృష్ణ ఒడ్డున పుట్టి పెరిగినవాణ్ణి. నీళ్ళు రావడానికి ఒక వేళంటూ ఉంటుందని ముప్పై ఐదేళ్ళు నిండేదాకా నాకు తెలియదు. ఆ ఊరికి సముద్రం మూడు కిలోమీటర్లు. ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే. మంచినీళ్ళు కాలవ మీదుగా వచ్చి, చెరువులో నిలిచి, ట్యాంకు ఎక్కి, రోజు విడిచి రోజు ఆరు వీధులకు ఒకదాని తర్వాత ఒకటిగా వదలబడేవి. ఒక్కో వీధికి ఒక్కో వాల్వు. ఆరు వాల్వులనూ తిప్పేది ఒక్కడే మనిషి, అదీ సైకిలు మీద.

నేను కాలవల శాఖలో గుమాస్తాను. కాలవలో నీటిమట్టం ఎంత ఉందో రోజూ రాయడమే నా ఉద్యోగం కనుక, కుళాయి సంగతి కూడా రాయడం నాకు వింతగా తోచలేదు. మా ఆవిడకు తోచింది. "ఆఫీసులో కాలవ, ఇంట్లో కుళాయి. నేనెప్పుడు వచ్చానో, ఎప్పుడు పోయానో కూడా రాసుకుంటున్నారా?" అని అడిగేది. రాసుకుంటున్నానని చెప్పే ధైర్యం నాకు ఉండేది కాదు.

తెల్లవారుజామున నడకకు వెళ్ళే అలవాటు వల్ల ఆరు వీధుల వేళలూ నాకు తెలిసేవి. పెద్ద వీధికి ఎక్కువగా ముందు, రేవు వీధికి ఎక్కువగా చివర. పన్నెండేళ్ళలో పన్నెండు డైరీలు నిండాయి. అవి ఎవరికి పనికొస్తాయని అప్పట్లో ఎవరైనా అడిగి ఉంటే నేను చిన్నబుచ్చుకుని ఉండేవాణ్ణి. సమాధానం నాకూ తెలియదు.

2008లో ఊరికి రేడియో వచ్చింది. మన ఊరి వాళ్ళే మాట్లాడి, మన ఊరి వాళ్ళే వినే రేడియో అన్నారు. దాని స్తంభాన్ని విజయవాడ ఆటోనగర్‌లో పాత లారీల ఇనుముతో వెల్డింగు చేయించి, లారీ మీదే తెచ్చి, రేడియో నడిపే సంఘం భవనం పైన నిలబెట్టారు. పది కిలోమీటర్ల దాకా వినిపిస్తుందని ప్రకటించారు. నేను ట్రాన్సిస్టరు పట్టుకుని సైకిలు మీద వెళ్ళి చూశాను. ఏడో కిలోమీటరు దగ్గర, చేపల చెరువు గట్టు మీద, గురగుర తప్ప ఏమీ వినిపించలేదు. ఆ సంగతి కార్యక్రమ కమిటీకి రాతపూర్వకంగా తెలియజేశాను. మర్నాడే నన్ను కమిటీలోకి తీసుకున్నారు. ఫిర్యాదు చేసేవాణ్ణి లోపల కూర్చోబెడితే ఫిర్యాదు ఆగిపోతుందని అధ్యక్షులవారు పాఠశాలలో నేర్చుకున్నారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు.

నా పదవి పేరు కాలనియంత్రణ సభ్యుడు. ఏ కార్యక్రమం ఎన్ని నిమిషాలు నడిచిందో నమోదు చేయాలి. ఆ నమోదు ప్రకారం, ఊరి జీవితాన్ని ఊరికి వినిపించడానికి పుట్టిన ఆ రేడియోలో మొదటి మూడు నెలలూ ఎక్కువగా వినిపించింది అధ్యక్షులవారి జీవితం. ఆయన ధారావాహిక ప్రసంగం 'నీటి విలువ' పదమూడు భాగాలు. భాగానికి ఇరవై నిమిషాల చొప్పున రెండు వందల అరవై నిమిషాలు. సింధులోయ నాగరికతలో నీటి పారుదల, వేదాల్లో నీరు, మానవ దేహంలో నీరు, చంద్రమండలంలో నీరు. మా ఆరు వీధుల్లో నీరు ఎప్పుడు వస్తుందన్న విషయం మాత్రం పదమూడు భాగాల్లో ఎక్కడా తగల్లేదు.

ఊరి గొంతు వినిపించాలని ఒకనాడు మత్స్యకార స్త్రీల జానపద గీతాలు రికార్డు చేయాలనుకున్నారు. రేవు వీధి నుంచి, మా ఇంటికి చేపలు తెచ్చే ఆవిడనే పిలిపించారు. నలభై ఏళ్ళుంటాయి. తట్ట బయట పెట్టి, స్టూడియోలోకి వచ్చి, మైకును చూసి నవ్వింది.

"నువ్వు చేపలు అమ్మేటప్పుడు పాడే పాట పాడమ్మా" అన్నారు అధ్యక్షులవారు.

"అమ్మేటప్పుడు పాడితే కొంటారాండీ? బేరం ఆడాలి గానీ."

"పోనీ, మీ మగవాళ్ళు వల లాగేటప్పుడు?"

"ఐలేసా అంటారండీ. మిగతాయి మైకులో సెప్పే మాటలు కాదండి."

"ఎప్పుడూ ఏమీ పాడుకోరా?"

పాడుకుంటామని ఆవిడ ఒక సినిమా పాట ఎత్తుకుంది. గొంతు బాగుంది. అధ్యక్షులవారు చేత్తో ఆపి, అది జానపదం కాదని వివరించి, మత్స్యకార స్త్రీలు పాడుకోవలసిన జానపద గీతం ఒకటి తామే రాసి ఉంచామని కాగితం తీశారు. ఆవిడకు చదువు రాదు కనుక, ఆయన పాడి నేర్పారు. నేను గడియారం చూస్తూనే ఉన్నాను. నలభై నిమిషాలు నేర్పారు. నలభై ఒకటో నిమిషంలో ఆవిడ అంది:

"పాటకేముంది గానీ మేస్టరుగారూ, రేవీదికి నీల్లెప్పుడొత్తాయో సెప్పే పోగ్రాం ఒకటి పెట్టండి. పున్నెం ఉంటది."

ఎందుకని ప్రకటనలు చదివే పాస్టరమ్మగారు అడిగారు. ఆవిడ చెప్పిన కారణం నేను డైరీలో ఉన్నదున్నట్టు రాసుకున్నాను. చేపల తట్టను ఎక్కించుకునేది ఆరూ ఇరవై బస్సు కండక్టరు ఒక్కడే. తర్వాతి బస్సుల వాళ్ళు వాసనంటారు. ఆ బస్సు అందితే కంకిపాడు మార్కెట్టు. అందకపోతే చేపలు ఇంట్లోనే ఎండేసుకోవడం. భర్త వేటకెళ్తే వారం దాకా రాడు. అత్తకు పక్షవాతం, బిందె ఎత్తలేదు. వీధిలో అందరిదీ ఒకటే కుళాయి, వచ్చేది ఇరవై నిమిషాలు. కనుక నీళ్ళ రోజున ఆవిడ నీళ్ళయినా వదులుకోవాలి, బస్సయినా వదులుకోవాలి.

"ముందుగా తెలిత్తే, ఇంత పొద్దున్నే వత్తాయంటే కాసుక్కూకుంటాను. రావంటే బస్సెక్కి ఎలిపోతాను. తెలవకే సత్తన్నాను" అంది.

అధ్యక్షులవారు విచారంగా తల ఊపి, రేడియో అనుమతి పత్రంలో వార్తలు ప్రసారం చేయరాదన్న షరతు ఉందనీ, నీళ్ళు రావడం వార్త కిందికి వస్తుందనీ చెప్పారు.

"నీల్లు రాటం వార్తేంటండీ?" అంది ఆవిడ. "రాకపోటం గదా వార్త?"

ఆవిడ వెళ్ళాక కమిటీలో గంటా పది నిమిషాలు చర్చ జరిగింది. చివరికి అధ్యక్షులవారే దారి కనిపెట్టారు. జరిగినదాన్ని చెబితే వార్త. జరగబోయేదాన్ని చెబితే సూచన. సూచనకు ఆక్షేపణ లేదు. అయితే నిన్న నీళ్ళు రాలేదని మాత్రం చెప్పకూడదు, అది జరిగినదే. ఈ సూత్రం వల్ల మా సూచన తప్పిందని మేము ఒప్పుకోవలసిన పరిస్థితి ఎన్నటికీ రాదని నేను గమనించాను గానీ, కమిటీలో ఎవరూ దాన్ని లోపంగా చూడలేదు.

జరగబోయేది ఎలా తెలుస్తుందన్నది రెండో ప్రశ్న. అప్పుడు నేను లేచి, నా డైరీల సంగతి చెప్పాను. పన్నెండేళ్ళు ఎవరూ అడగని లెక్క అది.

మూడు రాత్రులు కూర్చుని సగటు కట్టాను. పెద్ద వీధికి ఐదున్నర. అక్కణ్ణుంచి ఇరవై నిమిషాలకొక వీధి. రేవు వీధికి ఏడూ పది. ముందురోజు సాయంత్రం పాస్టరమ్మగారు నా చీటీని మైకులో చదివి రికార్డు చేసేవారు. తెల్లవారి ఐదింటికి ప్రసారాలు మొదలు కాగానే కంప్యూటరు వినిపించేది. ఇంట్లో గడియారం లేనివారికీ అర్థం కావాలని అధ్యక్షులవారు ఆదేశించడంతో వేళను అంకెలో చెప్పకుండా, "ఇంకో అరగంటలో పెద్ద వీధికి, అది అయిన ఇరవై నిమిషాలకు బజారు వీధికి" అని రాసేవాణ్ణి.

మొదటి వారం నా సూచనకూ నీళ్ళకూ ఇరవై నిమిషాలు తేడా ఉంది. రెండో వారం పది. నెల తిరిగేసరికి రెండు నిమిషాలు. ఆ తర్వాత నేను చెప్పిన నిమిషానికి కుళాయి బుసకొట్టేది. ఊళ్ళో నా గౌరవం పెరిగింది. కిళ్ళీ కొట్టు ముందు నన్ను చూసి లేచి నిలబడ్డవాళ్ళున్నారు. నాకూ అహంకారం పెరిగింది. దాన్ని దాచుకోవడానికి ఇప్పుడు కారణం లేదు. పన్నెండేళ్ళ లెక్క శక్తి అంతటిదని మా ఆవిడకు రెండుసార్లు చెప్పాను. "లెక్కకి నీళ్ళు భయపడతాయా?" అని ఆమె ఒకసారే అడిగింది. ఆ ప్రశ్నలోని శాస్త్రీయత నాకు అప్పుడు బోధపడలేదు.

మూడు నెలలు గడిచాక ఒక ఉదయం చేపలావిడ మా గుమ్మంలో ఖాళీ తట్టతో నిలబడింది.

"బాబుగారో, డైరీ బాబుగారూ! మీ లెక్క మా కొంప ముంచింది."

నేను నొచ్చుకున్నాను. "ఏం? చెప్పిన వేళకు రావడం లేదా?"

"వత్తన్నాయండీ. ఏడూ పది అంటే ఏడూ పదే. సూది మొనంత తేడా లేదు. ఇంతకాలం ఎప్పుడొత్తాయో తెలవక బస్సు పోగొట్టుకున్నాను. ఇప్పుడు బాగా తెలిసి పోగొట్టుకుంటన్నాను."

"అంతకు ముందూ ఏడు తర్వాతే కదమ్మా వచ్చేవి?"

"ఎప్పుడూ అలాగే కాదు బాబుగారూ. అప్పుడప్పుడూ పెందలాడే వచ్చేసేయి. బిందెలు నింపేసి, పరుగెత్తి బస్సెక్కేదాన్ని. మీరు రేడియోలో సెప్పటం మొదలెట్టాక ఒక్కనాడూ లేదు. సూసుకోండి మీ పుస్తకంలో."

చూసుకున్నాను. ఆవిడ చెప్పింది నిజం. రేడియోకు ముందటి ఏడాది రేవు వీధికి ప్రతి పది విడతల్లోనూ మూడు విడతలు ఆరు గంటల లోపే వచ్చాయి. రేడియోలో వేళలు చెప్పడం మొదలయ్యాక ఒక్కటి లేదు. సగటు కట్టినప్పుడు ఆ మూడు విడతలూ మిగతా ఏడింటిలో కరిగిపోయాయి. ఆవిడ బతికింది ఆ మూడింటి మీద. అలా ఎందుకు జరిగిందో మాత్రం అర్థం కాలేదు. నేను వేళ చెప్పేవాణ్ణే గానీ, నీళ్ళు వదిలేవాణ్ణి కాదు గదా.

అర్థమైంది ఒక గురువారం సాయంత్రం. ఉదయం తమ ప్రసంగాలు వినలేకపోయినవారు సాయంత్రమైనా వినాలన్న సదుద్దేశంతో అధ్యక్షులవారు ఆనాటి నుంచి ఉదయపు ప్రసారం మొత్తాన్నీ సాయంత్రం ఐదింటికి తిరిగి వినిపించే ఏర్పాటు చేశారు. మొత్తం అంటే మొత్తమే. పాస్టరమ్మగారి గొంతు సాయంత్రం ఐదింటికి, "ఇంకో అరగంటలో పెద్ద వీధికి" అంది. నేను నవ్వుకున్నాను. సరిగ్గా ఐదున్నరకు పెద్ద వీధి కుళాయిలు బుసకొట్టాయి. జనం బిందెలు పట్టుకుని పరుగులు తీశారు. నాలుగో వీధి దాటేసరికి ట్యాంకు అడుగంటింది. రేవు వీధికి చుక్క రాలేదు. తర్వాతి విడత ఊరంతటికీ రాలేదు.

నేను వాల్వు మనిషిని వెతుక్కుంటూ ట్యాంకు దగ్గరికి వెళ్ళాను. అతను ట్యాంకు కింది గదిలో పడక మంచం మీద కూర్చున్నాడు. తలవైపు మేకుకు చిన్న రేడియో వేలాడుతోంది. అటువైపు చూశాక నేను అడగవలసింది పెద్దగా మిగల్లేదు. అయినా అడిగాను.

"గురువారం సాయంత్రం నీళ్ళెందుకు వదిలావయ్యా?"

"మీరే కదండీ చెప్పారు."

"మేమా?"

"రేడియోలో అమ్మగారు చెప్పారుగా, ఇంకో అరగంటలో అని. పొద్దున వదిలానే, మళ్ళీ సాయంత్రం అంటారేంటా అనుకున్నానండీ. ఆఫీసోళ్ళకి ఏదో అర్జంటు ఉండుంటదిలే అని తిప్పేశాను."

"ఆఫీసువాళ్ళ మాట కాదయ్యా అది. నేను రాసింది."

"ఆఫీసోళ్ళు మీకు చెప్తే, మీరు నాకు చెప్తన్నారనుకున్నా. ఇదివరకు నాకెవరూ టైం చెప్పేవాళ్ళు కాదండీ. సైకిలు ఎటు పోతే అటు తిప్పేవాణ్ణి. రేవు వీధిలో మా బావగారిల్లుంది. రాత్రి అక్కడ పడుకుంటే పొద్దున్నే ముందు అదే తిప్పేసేవాణ్ణి. మీరొచ్చాక డ్యూటీ స్ట్రిక్టయిపోయింది."

మూడు నెలలుగా నేను అతని పనిని సగటు కట్టి చెబుతున్నాను. అతను నా సగటును ఆజ్ఞగా పాటిస్తున్నాడు. అతను పాటించినదాన్ని నేను నా ఖచ్చితత్వంగా డైరీలో ఎక్కించుకుంటున్నాను. ఊళ్ళో ఇద్దరం ఒకరినొకరు నమ్ముకుని, ఒకావిడకు బస్సు తప్పించాం.

కమిటీకి విషయం నివేదించాను. వాళ్ళు సిగ్గుపడతారనుకున్నాను. అధ్యక్షులవారి ముఖం వికసించింది.

"అంటే మనం ఏది చెబితే అది జరుగుతుందన్నమాట!"

సాయంత్రపు ప్రసారంలో నీళ్ళ వేళలు తీసేయమని, ఎప్పటికప్పుడు అప్రమత్తంగా ఉండాలని, ఇంత బాధ్యత మోయడం సామాన్యం కాదని కాసేపు మాట్లాడారు. తర్వాత, పెద్ద వీధికి ఇరవై నిమిషాలు చాలడం లేదని ప్రజలు అనుకుంటున్నట్టు తమ దృష్టికి వచ్చిందన్నారు. పెద్ద వీధి ప్రజల్లో నాకు తెలిసి ఆ మాట అనుకున్నది ఆయన ఒక్కరే. ముప్పై నిమిషాలు చేయమన్నారు. దాంతో రేవు వీధి ఏడూ ఇరవైకి జరిగింది.

నేను చేపలావిడ సంగతి చెప్పి, రేవు వీధిని ముందుకు, పెద్ద వీధిని చివరికి మార్చవచ్చు గదా అన్నాను.

"మనం సూచించేవాళ్ళమండీ, నిర్ణయించేవాళ్ళం కాము" అన్నారు అధ్యక్షులవారు గంభీరంగా. "ఒక వ్యక్తి సౌకర్యం కోసం వరస మారిస్తే రేపు ప్రతివారూ అడుగుతారు. ఆవిణ్ణి దరఖాస్తు పెట్టుకోమనండి. ఉపసంఘం వేద్దాం."

ఉపసంఘం మూడు నెలల్లో నివేదిక ఇవ్వాలని తీర్మానించారు. మూడు నెలలంటే నలభై ఐదు విడతలు. నలభై ఐదు బస్సులు.

ఆ సాయంత్రం చీటీ రాయడానికి కూర్చున్నాను. నా జీవితంలో డైరీలో గానీ చీటీలో గానీ తెలిసి తప్పు రాసింది లేదు. పన్నెండేళ్ళ సగటు ఒకటి చెబుతుంటే ఇంకొకటి రాయడం నాకు దొంగతనంలా తోచింది. అయితే ఆ సగటు అప్పటికే చచ్చిపోయిందని, నేను రాస్తున్నది వాల్వు మనిషికి ఉత్తర్వు తప్ప మరేమీ కాదని కూడా తెలుసు. ఉత్తర్వే అయినప్పుడు అది ఎవరికి అనుకూలంగా ఉండాలన్నది లెక్కకు సంబంధించిన ప్రశ్న కాదు. రెండు పేర్లు తారుమారు చేశాను. రేవు వీధి మొదట. పెద్ద వీధి చివర.

పాస్టరమ్మగారు చీటీ చూసి కళ్ళజోడు సర్దుకున్నారు.

"ఇదేంటండీ, వరస మారిందే? ప్రెసిడెంటుగారికి తెలుసా?"

"రేపు తెలుస్తుంది" అన్నాను.

ఆవిడ చీటీని మరోసారి చదివారు. "దేవుడు మిమ్మల్ని క్షమిస్తాడండీ. ప్రెసిడెంటుగారి సంగతే చెప్పలేను" అని, గొంతు సవరించుకుని, మైకు ముందు ఒక్క తడబాటు లేకుండా చదివారు.

మర్నాడు ఐదింటికే రేవు వీధి చివర నిలబడ్డాను. ఐదున్నరకు కుళాయి బుసకొట్టింది. చేపలావిడ పరుగున వచ్చింది. నన్ను చూడలేదు, చూసే తీరిక లేదు. ఐదు బిందెలు, ఒక గంగాళం. ఆరూ పదిహేనుకు తట్ట నెత్తిన పెట్టుకుని బస్సు స్టాండు వైపు వెళ్ళింది. ఆరూ ఇరవై బస్సు ఆ రోజు ఆరూ ఇరవై నాలుగుకు కదిలిందని కూడా రాసుకున్నాను.

అదే సమయంలో పెద్ద వీధిలో అధ్యక్షులవారు తువ్వాలు భుజాన వేసుకుని, ఖాళీ బకెట్టు ముందు నిలబడి ఉన్నారట. తొమ్మిదింటికి అత్యవసర సమావేశం. నన్ను పేరు పెట్టి ఎవరూ తిట్టలేదు. నీళ్ళ వేళ ఇక సూచన స్థాయి దాటిపోయి, వార్త స్వభావాన్ని సంతరించుకున్నందున, షరతుల ప్రకారం దాన్ని తక్షణం నిలిపివేస్తున్నట్టు తీర్మానం. ఆ స్థానంలో 'నీటి విలువ' మొదటి భాగం నుంచి పునఃప్రసారం. నా పదవి ఉంది గానీ చీటీలు లేవు.

తర్వాతి విడత నాడు ఏం జరుగుతుందోనని రేవు వీధికి వెళ్ళాను. ఐదున్నరకే వచ్చాయి. అటు తర్వాతి విడతా అంతే. వాల్వు మనిషి దారిలో కనిపిస్తే అడిగాను.

"రేడియోలో వేళలు చెప్పడం మానేశాం కదయ్యా?"

"మానేశారు గానీ, మార్చామని చెప్పలేదు గదండీ" అన్నాడు సైకిలు దిగకుండానే. "చివర్న చెప్పిందే నడుస్తది. నామీద కంప్లయింటు రాకూడదు."

అధ్యక్షులవారు దాన్ని ఎలా మార్చాలో తెలియక కొన్నాళ్ళు అవస్థపడ్డారు. మార్చమని రేడియోలో చెబితే వార్తవుతుంది. వాల్వు మనిషి దగ్గరికి స్వయంగా వెళ్ళి అడగడానికి హోదా అడ్డం. మున్సిపల్ ఆఫీసుకు ఒక లేఖ రాశారు. దానికి జవాబు నేను ఆ ఊరు వదిలేదాకా రాలేదు.

నెలన్నర తర్వాత చేపలావిడ మా ఇంటికి వచ్చింది. బేరమాడకుండానే పది రొయ్యలు ఎక్కువ వేసింది. కృతజ్ఞత చెప్పడానికి వచ్చిందనుకుని నేను వినయంగా నిలబడ్డాను.

"ఐదున్నరంటే పరుగు పరుగైపోతంది బాబుగారూ. నీల్లు పట్టి, అత్తకి జావ కాసి పెట్టి, తట్ట సర్దుకునేసరికి బస్సు హారను కొడతన్నాడు. మొన్న జావ పెట్టకుండానే ఎలిపోయాను. ఐదుంబావు సెయ్యకూడదా?"

"నేను చేసేది కాదమ్మా అది. ఇప్పుడు రేడియోలో చెప్పడం లేదు."

"మరెవురు సెయ్యాలి?"

నేను ఆలోచించాను. మున్సిపల్ ఆఫీసుకు దరఖాస్తు పెట్టాలని, దానికి వార్డు నంబరు, ఇంటి నంబరు, ప్రతి విడతా వచ్చిన వేళల పట్టిక జతచేయాలని, పట్టిక నేను ఇవ్వగలనని చెప్పడం మొదలుపెట్టాను. ఆవిడ ఓపిగ్గా రెండు నిమిషాలు విన్నది.

"ఆ వాల్వు తిప్పేవోణ్ణి రెండేల్ల కిందట నేనే అడిగానండీ. ఆఫీసోల్ల చేతుల్లో ఉంది, నా చేతుల్లో ఏముందమ్మా అన్నాడు. ఇప్పుడు ఆఫీసూ లేదు, మీ రేడియో లేదు. ఆడే ఉన్నాడు కదా?"

తట్ట ఎత్తుకుని, మా వీధి మలుపు దగ్గర ఎడమకు తిరిగి ట్యాంకు వైపు వెళ్ళిపోయింది. పన్నెండేళ్ళు వేళలు రాసిన నేను గానీ, నీటి మీద పదమూడు భాగాలు మాట్లాడిన అధ్యక్షులవారు గానీ ఆ దారిన ఒక కోరికతో వెళ్ళినవాళ్ళం కాము. ఆవిడ అక్కడ ఏం మాట్లాడిందో, ఎన్ని చేపలు ఇచ్చిందో, అసలు ఇచ్చిందో లేదో నాకు తెలియదు.

తర్వాతి విడత రేవు వీధికి నీళ్ళు ఐదూ పద్నాలుగుకు వచ్చాయి.